వెనక కుర్చీ కోసం బాన్సువాడకు

ఈ ప్రయాణం ఒక కుర్చీ కోసం చేశాను.

నేను రాకెట్ ఇంధనాల లెక్కలు చూసే ఉద్యోగిని. వచ్చే నెల విదేశంలో ఆయుధ నియంత్రణ చర్చలు ఉన్నాయి. ఎవరి దగ్గర ఎన్ని ఆయుధాలు ఉండవచ్చు, వాటిని ఎవరు లెక్కపెట్టాలి, ఆ లెక్కను ఎలా నమ్మాలి అన్నవి అక్కడ మాట్లాడుకునే విషయాలు. బల్ల ముందు మన బృందం నాయకుడు కూర్చుంటాడు. ఆయన వెనక వరుసలో సాంకేతిక సలహాదారుకు ఒక కుర్చీ ఉంటుంది. ఇప్పటిదాకా ఆ కుర్చీలో కూర్చున్న ఆయన ఈ ఏడాది పదవీ విరమణ చేశారు. నాకు ఆ కుర్చీ కావాలి.

మా డైరెక్టర్ గారిని అడిగితే ఒకటే మాట చెప్పారు.

"ఆ కుర్చీలో పాతికేళ్లు కూర్చున్న సుభద్రమ్మ గారు బాన్సువాడలో ఉంటున్నారు. శని, ఆదివారాలు వెళ్లి నేర్చుకుని రా. ఆదివారం సాయంత్రం ఆవిడ నాకు ఫోన్ చేస్తారు. సరే అంటే నువ్వు మాతో వస్తావు. కాదంటే లేదు."

"ఏం పరీక్ష పెడతారు సార్?"

"తెలియదు. నాకు పెట్టిందేమిటో నాకే ఇంకా అర్థం కాలేదు."

నాకు ముందు ఇద్దరిని పంపారు. ఇద్దరూ ఊరికే తిరిగి వచ్చారు. ఏమడిగారని అడిగితే ఒకాయన భుజాలు ఎగరేశాడు, ఇంకొకాయన విషయం మార్చాడు. నా తర్వాత కూడా ఎవరినో ఒకరిని పంపకుండా ఉండరు. వారికి పనికొస్తుందని దారి వివరాలతో సహా రాస్తున్నాను. బస్సుల సంగతి ఖచ్చితంగా చెప్పగలను. మిగతా దాని గురించి అంత ధైర్యంగా చెప్పలేను.

శనివారం ఉదయం ఆరున్నరకు జూబ్లీ బస్ స్టేషన్లో బాన్సువాడ బస్సు ఎక్కాను. టికెట్ మూడు వందలకు కాస్త అటూ ఇటూ. మెదక్, ఎల్లారెడ్డి మీదుగా వెళ్తుంది. ఎడమవైపు కిటికీ తీసుకుంటే నర్సాపూర్ అడవి బాగా కనబడుతుంది, పైగా పొద్దుటి ఎండ పడదు. ముందు రాత్రి వాన పడినట్టుంది, చెట్ల మొదళ్లు నల్లగా తడిసి ఉన్నాయి. ఒళ్లో బ్యాగు, బ్యాగులో పదిహేడు ప్రశ్నలు. మూడు విభాగాలుగా రాసుకున్నాను: తనిఖీ, పరిభాష, లెక్కింపు.

పక్క సీట్లో బీర్కూర్ రైతు. కాళ్ల మధ్య మోటారు విడిభాగం ఒకటి గోనెసంచిలో చుట్టి పెట్టుకున్నాడు. మెదక్ దాటేదాకా నిద్రపోయి, లేచి నా వైపు తిరిగాడు.

"పరీక్షకు వోతున్నవా బిడ్డా, పిల్లను జూడవోతున్నవా?"

"పరీక్షకే. మీకెట్లా తెలిసింది?"

"నీ మొకంల రాసున్నది గద! పిల్లను జూడవోయేటోడు గింత భయపడడు."

ఎల్లారెడ్డిలో బస్సు పది నిమిషాలు ఆగింది. చాయ్ బాగుంది, ఉస్మానియా బిస్కెట్లు మెత్తబడిపోయాయి. అక్కడి నుంచి పొలాలు మారాయి. నాట్లు అయిపోయిన వరి మడులు రోడ్డు దాకా వచ్చేశాయి. పదకొండు అవుతుండగా బాన్సువాడలో దిగాను. బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జిలో గది ఆరువందలు. వెనకవైపు గది అడగండి, ముందువైపు గదుల్లో బస్సుల హారన్లు మంచం పక్కనే ఉన్నట్టు వినిపిస్తాయి.

సుభద్రమ్మ గారి ఇల్లు బస్టాండు నుంచి పావుగంట నడక. వాళ్ల నాన్నగారు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొనుక్కున్నారట. ఇక్కడ అలా వచ్చినవాళ్ల ఊళ్లను క్యాంపులు అంటారు. బీర్కూర్ వైపు క్యాంపులో ఆవిడ తమ్ముడు వ్యవసాయం చేస్తున్నాడు. ఆవిడ మాత్రం టౌన్‌లో అయితే దవాఖాన అందుబాటులో ఉంటుందని ఒక మేడ మీద వాటా కిరాయికి తీసుకున్నారు. ఆ ఇంటి కింది వసారాలో నలుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. అందరిలోకి పెద్దామె, ఇంటి యజమానురాలు లింగవ్వ, చేతులు ఆపకుండానే నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మేడమవ్వ కోసమా? పో, పైన్నే ఉన్నది. పోయినోడు బూట్లేసుకొని ఎక్కిండు, వాపస్ పంపింది."

బూట్లు విప్పాను. దానికే వాపస్ పంపారో, ఇంకేదైనా కారణమో ఇప్పటికీ తెలియదు. లోపలి నుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. లింగవ్వ కోడలు ప్రసవించి ఇరవై రోజులు కూడా కాలేదట.

సుభద్రమ్మ గారికి డెబ్భై దాటి ఉంటాయి. నేత చీర, కాన్వాస్ బూట్లు. ఆవిడ మాత్రం బూట్లతోనే ఉన్నారు. ముందు గదిలో ఒక గోడంతా నల్లరంగు వేయించి బల్లలాగా వాడుతున్నారు. మధ్యలో పొడుగు టేబుల్, దానికి అటూ ఇటూ కుర్చీలు, వాటి వెనక మళ్లీ చెరొక కుర్చీ.

"ఎన్ని ప్రశ్నలు తెచ్చావు?"

"పదిహేడండీ. మూడు విభాగాలు."

"మొదటిది చదువు."

"చర్చల్లో తనిఖీ పద్ధతులను ఎంచుకోవడానికి ప్రాతిపదికలు ఏవి?"

ఆవిడ లేచి వంటింటి వైపు నడిచారు. "పప్పుచారు తింటావా?" అన్నారు.

తిన్నాను. గోంగూర పచ్చడి, వేడన్నం, అప్పడాలు. మిగిలిన పదహారు ప్రశ్నలు బ్యాగులోంచి బయటికి రాలేదు.

భోజనం అయ్యాక నన్ను వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు కుర్చీలో తాను కూర్చున్నారు. ఒక కాగితాల బొత్తి, పెన్సిలు ఇచ్చారు.

"వెనక కూర్చున్నవాడు మాట్లాడకూడదు. చెప్పాలనుకున్నది చీటీ రాసి ముందుకు ఇవ్వాలి. నాయకుడు వాడుకుంటే వాడుకుంటాడు, లేకపోతే జేబులో పెట్టుకుంటాడు. ఎందుకు వాడుకోలేదని అడగకూడదు. రాయి. అవతలివాళ్లు ఇంధనం ద్రవమా ఘనమా అని అడిగారు."

రాసిచ్చాను. ఆవిడ చూసి రెండుగా చింపారు.

"ఇది పేరా. అవతలివాడు మాట్లాడుతుంటే నాయకుడు నీ చీటీ చూడ్డానికి రెండు సెకన్లు ఉంటాయి. ఏం చేయమంటున్నావో అది రాయి. ఎందుకో వద్దు."

మళ్లీ రాశాను. మళ్లీ చింపారు. కాసేపటికి నేల మీద కాగితం ముక్కలు చాలా పోగయ్యాయి. చివరికి 'జవాబు వద్దు. ఎందుకడిగారో అడగండి' అని రాసిస్తే చింపలేదు. బాగుందని కూడా అనలేదు.

నల్ల గోడ గురించి అడిగితే అప్పుడు మాత్రం వివరంగా చెప్పారు. ఒప్పందం ముసాయిదాలో ఇరుపక్షాలూ ఒప్పుకోని మాటలను చదరపు బ్రాకెట్లలో పెడతారు. రోజంతా మాట్లాడి సాయంత్రానికి ఒక్క బ్రాకెట్ చెరిపితే అది మంచి రోజు. కొన్నిసార్లు చెరిపినవి మళ్లీ వస్తాయి.

"ఒక శీతాకాలమంతా 'గొట్టం' అంటే ఏమిటో మాట్లాడుకున్నాం," అన్నారు. "క్షిపణి పెట్టే గొట్టం. పొడవెంత, మూత ఉంటే గొట్టమా, లేకపోతే గొట్టమా అని. నీలాంటి కుర్రవాడొకడు లెక్కలన్నీ వేసి నిర్వచనం రాసుకొచ్చాడు. తప్పు లేదు అందులో. కానీ అవతలివాళ్లకు కావలసింది నిర్వచనం కాదు. వాళ్ల రాజధాని నుంచి కబురు రావాలి. వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడాలి కదా."

"మరి ఆ నిర్వచనం ఏమైంది?"

"బాగుందని అందరూ మెచ్చుకున్నారు. ఎవరూ వాడలేదు."

ఇది నేను నేర్చుకోవలసిన పాఠమా, పాత కబురా? రాసుకోవాలా వద్దా? సగం రాసి ఆపేశాను.

బయల్దేరబోతుంటే అసలు సంగతి చెప్పారు. వినాయక చవితికి మూడు వారాలు ఉంది. పై గల్లీకీ కింది గల్లీకీ నిమజ్జనం ఊరేగింపులో డీజే డబ్బాల, అంటే పెద్ద స్పీకర్ల, పోటీ. ఏటేటా వీళ్లు రెండు పెంచితే వాళ్లు రెండు పెంచుతున్నారు. పోయిన ఏడు చెరి ఎనిమిది డబ్బాలతో రెండు బండ్లూ చౌరస్తాలో ఎదురుపడి, ఎవరూ చప్పుడు తగ్గించక, ఎవరూ దారి ఇవ్వక, చివరికి డబ్బాలన్నీ పోలీస్ స్టేషన్‌కు చేరాయి. విడిపించింది సుభద్రమ్మ గారే. అప్పుడే మాట తీసుకున్నారట, వచ్చే ఏడు ముందుగా కూర్చుని మాట్లాడుకోవాలని.

"రేపు పొద్దున పదింటికి వస్తారు. నువ్వు పై గల్లీ నాయకుడి వెనక కూర్చుంటావు."

"డీజే డబ్బాలకూ క్షిపణులకూ..."

"రేపు పదింటికి," అన్నారు.

సాయంత్రం బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు తిని లాడ్జికి చేరాను. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ ఒకటి దించుకుని పరీక్షించాను. సీలింగ్ ఫ్యాన్ చప్పుడు నమోదైంది. ఎందుకు దించుకున్నానో తెలియదు కానీ ఏదో ఒకటి కొలవగలిగితే ధైర్యంగా ఉంటుంది.

ఆదివారం ఉదయం లాడ్జి పక్క హోటల్లో పూరీ తిన్నాను, కూర కారం. పదింటికి ఐదు నిమిషాల ముందే మెట్ల దగ్గర బూట్లు విప్పాను.

పై గల్లీ నాయకుడు నరేశ్ నా వయసువాడు. సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. వెనక కుర్చీలో నన్ను చూసి సంబరపడ్డాడు.

"నువ్వు మా దిక్కా అన్నా? రాకెట్ల ఇంజనీర్ అని మేడమవ్వ చెప్పింది. అయితే ఇగ ఫికర్ లేదు." గొంతు తగ్గించాడు. "నీకొక్కనికే చెప్తున్న. నిజామాబాద్ల నాలుగు డబ్బాలు మాట్లాడిన. డబుల్ సైజు. నాలుగంటే నాలుగుకే ఒప్పించాలె వాళ్లను."

కింది గల్లీ నాయకుడు సాయిలు నలభైకి దగ్గరగా ఉంటాడు. స్లాబులకు సెంట్రింగ్ పని చేయిస్తాడు. వచ్చీ రాగానే నరేశ్ వైపు చూసి, "ఏం బావా, ఇంజనీర్ను కిరాయికి తెచ్చుకున్నవా?" అన్నాడు.

"నీకు లేడని కుళ్లా?"

"నాకెందుకు? నా డబ్బాలు కరెంటు మీద నడుస్తయి, రాకెట్ మీద గాదు."

సుభద్రమ్మ గారు టేబుల్ చివర కూర్చున్నారు. గోడ మీద ముందే రెండు వాక్యాలు రాసి ఉన్నాయి. బ్రాకెట్లు ఎర్ర సుద్దతో.

ఊరేగింపులో ఒక్కో గల్లీ [నాలుగు] [ఆరు] డబ్బాలకు మించి పెట్టరాదు.

చౌరస్తా నుంచి దవాఖాన దాటేవరకు [చప్పుడు తగ్గించాలి] [చప్పుడు ఉండరాదు].

నాలుగు నరేశ్ మాట, ఆరు సాయిలు మాట. చప్పుడు ఉండరాదన్నది సాయిలు మాట, ఎందుకంటే అతని బండి దవాఖాన ముందు నుంచి వెళ్లేది కొద్దిదూరమే. నరేశ్ బండి మొత్తం దారి అటే వెళ్తుంది. దవాఖాన మీదే గంట వాదించుకున్నారు. నేను చీటీ రాశాను: 'దవాఖాన ఎక్కడ మొదలో అడుగు.' నరేశ్ చదివి, అడిగాడు.

"ఎక్కడ మొదలంటే ఏంది? గేటు కాడ," అన్నాడు సాయిలు.

"గోడ కాడ గాదు గద?"

"గోడ ఎనుకకెల్లి ఎవడు వోతడు? గేటే."

"ఈ గేటు నుంచి ఆ గేటుదాకనే అయితే చప్పుడు బంద్. నాకు ఓకే."

సుభద్రమ్మ గారు లేచి రెండో వాక్యం సరిచేశారు. దవాఖాన మొదటి గేటు నుంచి రెండో గేటు వరకు చప్పుడు ఉండరాదు. ఎర్ర బ్రాకెట్లు చెరిపేశారు. నా చీటీ వల్ల ఒక బ్రాకెట్ పోయింది! కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. రెండో చీటీ 'ఆరు వద్దు, నాలుగు' అని రాసిచ్చాను. సాయిలు నరేశ్ భుజం మీదుగా నన్నే చూస్తున్నాడు. నేను కూడా మర్యాదగా చూశాను.

చాయ్ విరామానికి ఇక్కడొక నియమం ఉంది. ఒకే పక్షం వాళ్లు కలిసి చాయ్ తాగకూడదు. నరేశ్‌ను సుభద్రమ్మ గారు వరండాలోకి తీసుకెళ్లారు. సాయిలు గ్లాసు పట్టుకుని నా పక్కకు వచ్చాడు.

"రాకెట్ ముందల గీ డబ్బాలు ఏం లెక్క అన్నా నీకు?"

"అలా ఏం లేదు. శబ్దం కూడా శాస్త్రమే."

"గట్లనా? జెర్ర చెప్పరాదు."

చెప్పాను. తరంగాలు, పీడనం, బొమ్మ గీసి మరీ చెప్పాను. సాయిలు ఎంత శ్రద్ధగా విన్నాడంటే, మా ఆఫీసులో కూడా నన్ను అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. గ్లాసు చల్లారిపోయింది.

మళ్లీ కూర్చున్నాం. నాలుగా ఆరా అని కాసేపు నడిచాక సాయిలు వెనక్కి వాలాడు.

"సరే, నాలుగే అనుకుందాం. నాదొక్క డౌటు. ఇంజనీరన్నా, నువ్వు సదువుకున్నోనివి, నువ్వే చెప్పు. ఎనిమిది డబ్బాల జాగల నాలుగు పెడితే చప్పుడు సగమైతదా?"

నన్నే అడిగాడు. సూటిగా, నా శాస్త్రంలో, జవాబు నాకు తెలిసిన ప్రశ్న. పెన్సిలు చేతిలోనే ఉంది. కాగితాల బొత్తి మోకాలి మీద ఉంది.

"కాదు," అన్నాను. "చప్పుడు డబ్బాల సంఖ్య ఒక్కదాని మీదే ఆధారపడదు. స్పీకర్ ఎంత పెద్దది, యాంప్లిఫయర్ ఎంత శక్తిది అన్నదే ముఖ్యం. డబుల్ సైజు నాలుగు పెడితే పోయిన ఏటి ఎనిమిది కంటే ఎక్కువే మోగవచ్చు."

నరేశ్ కుర్చీలోనే మెల్లగా వెనక్కి తిరిగాడు.

"అన్నా. నువ్వు మా దిక్కు కూసున్నవా, వాళ్ల దిక్కా?"

"డబుల్ సైజా?" సాయిలు టేబుల్ మీద చరిచాడు. "డబుల్ సైజు అని నేనెక్కడన్న అన్ననా? ఇంజనీరే అన్నడు! ఏడికెల్లి తెస్తున్నవ్ బావా, నిజామాబాద్ నుంచా?"

"నువ్వు బోధన్ల బయానా ఇయ్యలేదా? ఆరు, అవి గూడ డబుల్ సైజే! మా దుకాణంల సెల్లు రిపేరుకిచ్చినోడు అంతా చెప్పిండు!"

ఇద్దరూ లేచి నిలబడ్డారు. కింద పసిపిల్ల ఏడ్చింది. లింగవ్వ గొంతు మెట్ల మీదుగా వచ్చింది. "ఇంక డబ్బలే రాలే, గప్పుడే గింత లొల్లా? పిల్ల లేసింది ఈడ!"

సుభద్రమ్మ గారు గోడ దగ్గరికి నడిచారు. ఎర్ర సుద్ద తీసుకుని మొదటి వాక్యం మొత్తానికి అటొక బ్రాకెట్, ఇటొక బ్రాకెట్ పెట్టారు. ఇంతకుముందు ఒక అంకె దగ్గరే పేచీ ఉండేది. ఇప్పుడు వాక్యమంతా పేచీలోకి పోయింది. అదంతా నా మాట వల్లే. నా కుర్చీ అక్కడితో పోయిందని అనుకున్నాను.

అరుపులు ఆగలేదు.

"నువ్వు నాలుగన్నా పది పెడతవ్. నిన్నెవడు నమ్ముతడు?"

"నమ్మకు! నా బండి మీద నీ మనిషినే ఎక్కించుకో. ఆడే జూస్తడు, ఆడే తగ్గిస్తడు."

"ఎక్కిస్త! నా తమ్ముణ్ని ఎక్కిస్త. నీ మనిషిని గూడ నా బండి మీద ఎక్కించు, దమ్ముంటే."

"దమ్ము గురించి నువ్వు చెప్పకు. ఎక్కిస్త!"

ఇద్దరూ ఒకరి వేలు ఒకరి మొహం ముందు ఆడిస్తూ అంటున్న మాటలవి. వెనక నుంచి సుద్ద చప్పుడు వినిపించి ముగ్గురమూ తిరిగి చూశాం. గోడ మీద కొత్త వాక్యం ఉంది.

పై గల్లీ మనిషి ఒకరు కింది గల్లీ బండి మీద, కింది గల్లీ మనిషి ఒకరు పై గల్లీ బండి మీద ఉండాలి. దవాఖాన గేటు దగ్గర చప్పుడు బంద్ చేయాల్సింది ఆ మనిషే.

సుభద్రమ్మ గారు ఎర్ర సుద్ద పట్టుకుని నిలబడి ఉన్నారు.

"దీనికి బ్రాకెట్ పెట్టాలా?"

నరేశ్ సాయిలు వైపు చూశాడు. సాయిలు నరేశ్ వైపు చూశాడు. పెట్టమని ఎవరన్నా అది వెనక్కి తగ్గినట్టే. ఇద్దరూ మెల్లగా కూర్చున్నారు.

"వద్దు," అన్నాడు సాయిలు.

"పెట్టమని నేనెందుకంట?" అన్నాడు నరేశ్.

"మరి డబ్బాల సంఖ్య?" అని నేను అడిగాను. అడగకూడదని ఆ తర్వాత గుర్తొచ్చింది. సుభద్రమ్మ గారు నా వైపు చూడలేదు.

"అది బ్రాకెట్లోనే ఉండనీ. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుందాం," అన్నారు.

వెళ్తూ వెళ్తూ నరేశ్ మెట్ల దగ్గర నా భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నా, నీ చీటీలు మంచిగున్నయ్. నువ్వే మంచిగ లేవు."

సాయిలు మాత్రం నా చేతిని రెండు చేతులా పట్టుకుని, "మల్ల రా అన్నా. నువ్వు తప్పక రావాలె," అన్నాడు. అది నన్ను ఇంకా కలవరపెట్టింది.

భోజనాల దగ్గర అడిగేశాను.

"నేను తప్పు చేశానా మేడమ్?"

"చేశావు."

"కానీ దానివల్లే కదా ఆ కొత్త వాక్యం వచ్చింది?"

"కావచ్చు."

"అయితే తప్పు కానట్టేనా?"

"తప్పే. పెరుగు వేసుకో."

నేను వేసుకున్నాను. ఆవిడే మళ్లీ మొదలుపెట్టారు.

"నరేశ్ పెద్ద డబ్బాల సంగతి లింగవ్వకు కూడా తెలుసు. సాయిలుకు తెలియదనుకున్నావా? ఇద్దరికీ ఇద్దరి సంగతీ తెలుసు. ముందు ఒక అంకె దగ్గర ఇద్దరూ ఆగితే చాలని నేను అనుకున్నాను. చిన్నదా పెద్దదా అన్నది వచ్చే ఏడు మాట్లాడుకునేవాళ్లు. కూర్చోవడం అలవాటవుతుంది కదా."

"ఇప్పుడు అంకె లేకుండా పోయింది."

"లేదు. అంకె బదులు మనుషులు వచ్చారు. ఏది గట్టిదో నాకు తెలియదు."

"పాతికేళ్ల అనుభవంతో కూడా?"

"పాతికేళ్లూ అదే. వాన పడితే ఎవరు కురిపించారని అడిగినట్టుంటుంది." ఆవిడ చేయి కడుక్కుని వచ్చారు. "ఇంకో సంగతి. సాయిలు నిన్ను ఎందుకు అడిగాడో తెలుసా? పొద్దున 'నాలుగు' అనే మాట వచ్చినప్పుడల్లా నువ్వు నరేశ్ వీపు వైపు చూశావు. అతను నరేశ్‌ను చూడలేదు, నిన్ను చూశాడు. ఆ తర్వాతే చాయ్ గ్లాసు పట్టుకుని నీ పక్కకు వచ్చాడు."

చాయ్ గుర్తొచ్చింది. నేను గీసిన తరంగాల బొమ్మ, అతను ఊపిన తల, అంతా గుర్తొచ్చింది.

"డైరెక్టర్ గారికి ఏం చెబుతారు?"

"ఇంకా అనుకోలేదు. మూడింటికి కామారెడ్డి బస్సు ఉంది, అందుకో."

కింద లింగవ్వ చాట దించకుండానే నన్ను ఆపింది. "ఏమన్నది మేడమవ్వ?"

"ఏం అనలేదవ్వా."

"అనదు. గా డబ్బలు మోగినప్పుడు నా పొయ్యి మీద గిన్నెలు ఎగురుతయ్ బిడ్డా. ఈసారి పసిపోరి ఉన్నది ఇంట్ల. ఆగుతయంటవా?"

"దవాఖాన గేటు దగ్గర ఆగుతాయి."

"మా ఇల్లు దవాఖాన కాడ లేదు గద?"

బూట్లు వేసుకున్నాను. గోడ మీద ఆ ఇంటి సంగతి ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు, నేనూ చీటీ రాయలేదు. వెనక్కి ఎక్కి చెప్పాలా వద్దా అని రెండు మెట్లు ఎక్కి, వెనక కుర్చీవాడు మాట్లాడకూడదు కదా అనుకుని దిగాను. బూట్లు విప్పి మళ్లీ ఎక్కాను. ఆవిడ తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. ఒక కాగితం మీద 'లింగవ్వ ఇంటి ముందు కూడా చప్పుడు బంద్ అడగండి' అని రాసి ఇచ్చాను. ఆవిడ చదివి, మడిచి, నడుము దగ్గర దోపుకున్నారు. వాడుకుంటారో లేదో అడగలేదు.

కామారెడ్డి బస్సులో సీటు దొరకలేదు, సగం దారి నిలబడ్డాను. తిరుగు ప్రయాణానికి కామారెడ్డిలో రైలెక్కడం మేలు. బస్టాండు నుంచి స్టేషన్‌కు ఆటో దొరుకుతుంది, జనరల్ టికెట్ చవక, ఆదివారం సాయంత్రం రద్దీ మాత్రం ఉంటుంది. రైలు పావుగంట ఆలస్యంగా వచ్చింది. ఎదురు సీట్లో ఒకామె మక్క కంకుల మూట పక్కన పెట్టుకుని కూర్చుంది. అల్లుడింటికి తీసుకెళ్తోందట.

ఫోన్ అంతసేపూ చేతిలోనే ఉంది. పదిహేడు ప్రశ్నల కాగితం తీసి చూశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. కానీ సగం ప్రశ్నలు ఎందుకు రాసుకున్నానో ఇప్పుడు నాకే తెలియలేదు. మనోహరాబాద్ దాటాక, బయట చీకటి పడుతుండగా ఫోన్ మోగింది.

"సుభద్రమ్మ గారు మాట్లాడారు," అన్నారు డైరెక్టర్ గారు. "నువ్వు వస్తున్నావు."

"సార్!"

"ఆగు. కుర్చీ స్థానం మార్చమన్నారు. నాయకుడి వెనక కాదు, వరుస చివర్లో, స్తంభం పక్కన. అవతలివాళ్లకు నీ మొహం కనబడకూడదట."

"ఇది మెచ్చుకోవడమా సార్, లేక..."

"ఆ స్తంభం పక్కన గాలి బాగా వస్తుంది. నేను అక్కడ మూడేళ్లు కూర్చున్నాను," అని ఆయన పెట్టేశారు.

ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కావాలనుకున్నది దొరికింది. ఎందుకు దొరికిందో తెలియదు. తప్పు చేసినా దొరికిందా, తప్పు చేసినందుకే దొరికిందా, మొదటి చీటీ వల్లనా, చివరి చీటీ వల్లనా? నా తర్వాత బాన్సువాడ వెళ్లేవారికి ఖచ్చితంగా చెప్పగలిగింది ఇంతే: ఎడమవైపు కిటికీ, లాడ్జిలో వెనకవైపు గది, మెట్ల దగ్గర బూట్లు, చాయ్ దగ్గర జాగ్రత్త. ప్రశ్నలు తీసుకెళ్లండి, బరువేమీ ఉండదు.

ఎదురు సీటామె ఇందాకటి నుంచి నన్నే చూస్తోంది.

"ఏం కబురొచ్చింది బిడ్డా ఫోన్ల? మంచిదా, చెడ్డదా?"

ఏం చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగా ఆమె ముందుకు వంగి నా మొహంలోకి పరీక్షగా చూసింది. ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి. చివరికి తల అడ్డంగా ఊపింది.

"ఏమో తియ్, నీ మొకం జూస్తే ఏం సమజైతలేదు," అని మూట విప్పి ఒక కంకి నా చేతిలో పెట్టింది.